వైరస్ కణాన్ని చంపేదైతే మరి క్యాన్సర్ ఎలా తెస్తుంది?

రాయగడ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మగారికి 48 ఏళ్ళు. గర్భాశయ ముఖద్వారం దగ్గర తీసిన శాంపిల్‌లో హెచ్‌పివి (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16వ రకం పాజిటివ్ వచ్చింది, పాప్ స్మియర్ (అక్కడి కణాలను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) మాత్రం నార్మల్. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ప్లస్ టూలో సైన్స్ చదివిన అమ్మాయి కాబట్టి ఇంకో సందేహం కూడా జోడించింది: "వైరస్ కణంలోకి దూరి దాన్ని చంపేస్తుందని చదివాను, క్యాన్సర్ అంటే చావాల్సిన కణాలు చావకపోవడమనీ చదివాను. రెండూ ఒకదానికొకటి ఎదురు కదా? అసలు అమ్మకి క్యాన్సర్ ఉన్నట్టా లేనట్టా?"

ముందు రెండో దానికి చెప్తాను. హెచ్‌పివి పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. క్యాన్సర్ వచ్చే దారిలో మొదటి మెట్టు మీద ఒక వైరస్ కనపడింది, అంతే. ఆ దారి నడవడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది, చాలామంది అసలు నడవరు కూడా. కానీ 16వ రకం కాబట్టి పాప్ స్మియర్ నార్మల్ అని ఊరుకోకూడదు, కాల్పోస్కోపీ చేయించాలి. దాని సంగతి కింద వివరంగా రాస్తాను.

ఇక మొదటి సందేహం. మీరు చదివిన రెండు మాటలూ నిజమే అమ్మా, కాకపోతే అవి రెండు వేరు వేరు జాతుల వైరస్‌ల గురించి. పోలియో, ఫ్లూ లాంటివి తొందరలో ఉంటాయి, కణంలో దూరి తమ కాపీలు చేసుకుని ఆ కణాన్ని ఖాళీ చేసి వెళ్ళిపోతాయి. చచ్చిన కణం క్యాన్సర్ అవ్వదు. అందుకే ఫ్లూ వల్ల క్యాన్సర్ వచ్చిందని ఎక్కడా వినం. క్యాన్సర్ తెచ్చేవి ఏళ్ళ తరబడి కాపురం పెట్టే వైరస్‌లు. వాటికి కణమే ఇల్లు, ఇల్లు కూలితే వాటికీ నష్టమే, అందుకని కణాన్ని చావనివ్వవు. ఆ చావనివ్వకపోవడమే ఎప్పుడో ఒకనాడు క్యాన్సర్‌కి దారి తీస్తుంది.

నేను పేథాలజిస్ట్‌ని, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బేంటో చెప్పే డాక్టర్ని. బరంపురంలో ఇరవై ఏళ్ళకు పైగా స్లైడ్లు చూస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ నుంచి, అటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా బయాప్సీలు వస్తాయి. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరుగారు ఒడియాలో చెప్తారు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఈ మూడింటి మధ్యలో అసలు సంగతి ఎక్కడో జారిపోతుంది. ఒడియాలో వైరస్‌ని భూతాణు అంటారు. ఒకసారి పర్లాకిమిడి దగ్గర పల్లె నుంచి ఒకావిడ వచ్చింది, మెడలో కొత్త తాయెత్తు. "గర్భసంచికి భూతం సోకిందన్నారు బాబూ" అంది. తప్పు ఆవిడది కాదు, మన భాషలో జబ్బూ సోకుతుంది, గాలీ సోకుతుంది. అరగంట కూర్చోబెట్టి చెప్తే ఆవిడకి మొత్తం అర్థమైంది. ఆవిడకి ఎలా చెప్పానో మీకూ దాదాపు అలాగే చెప్తాను.

మన ఒంట్లో కణాలు పుట్టడం ఎంత ముఖ్యమో చావడం అంత ముఖ్యం. తల్లి కడుపులో బిడ్డ చెయ్యి మొదట తెడ్డులా ఉంటుంది, వేళ్ళ మధ్యనున్న కణాలు ఒక పద్ధతిగా చచ్చిపోతేనే అయిదు వేళ్ళు విడివడతాయి. ఇలా కణం తనంతట తాను, పక్కవాళ్ళకి ఇబ్బంది కలగకుండా చచ్చిపోవడాన్ని అపోప్టోసిస్ అంటారు. 1972లో ఆ పేరు పెట్టారు, చెట్టు నుంచి ఆకులు రాలడం అనే అర్థం వచ్చే గ్రీకు మాట. మైక్రోస్కోప్ కింద చూస్తే నిజంగా ఎండుటాకులాగే ఉంటుంది: కణం ముడుచుకుపోయి, గులాబీ రంగు ఇంకా చిక్కబడి, న్యూక్లియస్ నల్లటి చిన్న చిన్న గుళ్ళలా విడిపోయి, చుట్టూ సన్నగా ఒక ఖాళీ. పక్క కణాలు దాన్ని మింగేస్తాయి. వాపు లేదు, చీము లేదు.

కణం ఈ పని ఎప్పుడు చేస్తుందంటే, తనలో డిఎన్‌ఏ పాడైందని తెలిసినప్పుడు, లేదా లోపల ఎవడో పరాయివాడు దూరాడని పసిగట్టినప్పుడు. ఈ నిర్ణయంలో పెద్ద చెయ్యి పి53 అనే ప్రొటీన్‌ది. 1979లో దాన్ని కనిపెట్టిందే వైరస్ వల్ల. ఎస్‌వి40 అనే కోతుల వైరస్ ప్రొటీన్‌ని పరిశీలిస్తుంటే దానికి ఏదో అతుక్కుని కనపడింది, అదే పి53. అంటే వైరస్ పట్టుకుని ఉండగానే మనకి మన కాపలాదారు దొరికాడు.

ఇప్పుడు హెచ్‌పివి సంగతి. ఇది రక్తంలో తిరగదు, జ్వరం తేదు. ముఖద్వారం పొరలో చిన్న గీరుడు దొరికితే అడుగు వరసలో ఉన్న కణంలోకి వెళ్తుంది. ఆ పొర మన చర్మంలాగే, అడుగున కణం పుడుతుంది, పైకి జరుగుతూ జరుగుతూ విభజన ఆపేస్తుంది, చివరికి పైన రాలిపోతుంది. వైరస్‌కి దీంతో ఒక చిక్కుంది. కాపీలు చేసుకోవాలంటే డిఎన్‌ఏ కాపీ చేసే సరంజామా కావాలి, అది విభజన ఆపేసిన కణంలో ఉండదు. అందుకని ఈ7 అనే ప్రొటీన్‌తో ఆర్‌బి అనే బ్రేకుని ఊడదీస్తుంది. బ్రేకు పోయేసరికి కణం మళ్ళీ పనిలో పడుతుంది. ఇలా అకాలంలో పని మొదలవడం చూసి పి53 ఊరుకోదు, కణాన్ని చావమంటుంది. అప్పుడు ఈ6 అనే రెండో ప్రొటీన్ వచ్చి, కణంలో పనికిరాని ప్రొటీన్లను పారేసే చెత్తబుట్ట ఒకటుంటుంది కదా, పి53ని అందులోకి తోసేస్తుంది. కాపలాదారుని చంపడానికి కూడా కణం సొంత సామానే వాడుకుంటుంది.

పైన ఎలాగూ రాలిపోయే కణాలతో కలిసి వైరస్ బయటికి పోతుంది. అది కణాన్ని పగలగొట్టాల్సిన పనే లేదు, అందుకే నొప్పి లేదు, దురద లేదు, ఏమీ తెలియదు. "ఏ బాధా లేదు కదా డాక్టరుగారూ" అని అందరూ అంటారు. ఈ వైరస్ పద్ధతే అది.

స్లైడు మీద మాత్రం దాని గుర్తు దొరుకుతుంది. న్యూక్లియస్ ఎండు ద్రాక్షలా ముడతలు పడి, దాని చుట్టూ అద్దం తుడిచినట్టు తెల్లటి వలయం, ఆ వలయానికి గట్టిగా గీసినట్టు అంచు. దాన్ని కోయిలోసైట్ అంటాం. అది కనపడితే వైరస్ ఉందని అర్థం, క్యాన్సర్ అని కాదు.

మరి క్యాన్సర్ ఎక్కడ మొదలవుతుంది? వైరస్ ఏళ్ళ తరబడి పోకుండా ఉండిపోయినప్పుడు. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ళలోపు మన రోగనిరోధక శక్తే దాన్ని తుడిచేస్తుంది. మిగిలినవాళ్ళలో పి53 లేని కణాలు విభజన చెందుతూ ఉంటాయి, ప్రతిసారీ ఏవో తప్పులు చేరుతుంటాయి, తప్పు చేరిన కణం చావాలి కానీ చావమని చెప్పేవాళ్ళు లేరు. చాలాసార్లు వైరస్ డిఎన్‌ఏ తెగి మన క్రోమోజోమ్‌లో ఇరుక్కుపోతుంది, అలా తెగినప్పుడు ఈ6, ఈ7లను అదుపులో పెట్టే ఈ2 అనే భాగం పాడైపోతుంది. ఇక ఆ రెండూ అదుపు లేకుండా తయారవుతాయి. అలా ఇరుక్కున్న వైరస్ మళ్ళీ కొత్త వైరస్‌లను చేయలేదు, క్యాన్సర్ వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. మనిషికీ, వైరస్‌కీ ఇద్దరికీ అది ప్రమాదమే.

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే ఆవిడ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన కణాలు ఈ రోజుకీ ప్రపంచమంతా లాబుల్లో పెరుగుతున్నాయి, హీలా కణాలంటారు. వాటిలో ఉన్నది హెచ్‌పివి 18. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ కణాల్లో ఈ6, ఈ7లను ఆపితే పి53 తిరిగి లేస్తుంది, పెరుగుదల ఆగిపోతుంది. అంటే కాపలాదారు చావలేదు, రోజూ పుడుతూనే ఉన్నాడు, రోజూ వాణ్ణి తోసేస్తున్నారు. ముఖద్వార క్యాన్సర్లు చాలావాటిలో పి53 జీన్ బాగానే ఉంటుంది. పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్లలో అలా కాదు, అక్కడ చాలాసార్లు జీనే చెడిపోయి ఉంటుంది. (మన వైపు నోటి క్యాన్సర్లకు హెచ్‌పివిని తప్పుపట్టకండి, గుడాకు, ఖైనీ, శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం), ఇవే ఎక్కువ.)

ఇదంతా హెచ్‌పివి కథ. అన్ని వైరస్‌లూ ఇదే దారిలో పోవు. మన ఇళ్ళల్లో ఇంకో వైరస్ చాలా ఉంది కాబట్టి దాని గురించి కూడా రాయాలి. హెపటైటిస్ బి.

ఇక్కడ కథ తిరగబడుతుంది: కణాలు చావకపోవడం కాదు, పదే పదే చావడమే క్యాన్సర్‌కి దారి. హెపటైటిస్ బి వైరస్ లివర్ కణాన్ని నేరుగా పెద్దగా చంపదు. కణం మీద వైరస్ గుర్తులు చూసి మన తెల్ల రక్తకణాలే దాన్ని చంపుతాయి. లివర్ చచ్చిన చోట మళ్ళీ కణాలను పుట్టిస్తుంది. మళ్ళీ చంపుతాయి. ఇరవై, ముప్ఫై ఏళ్ళు ఇలా సాగితే మచ్చలు పడి సిరోసిస్ అవుతుంది, విభజన మీద విభజనతో తప్పులు పోగవుతాయి, దానికి తోడు ఈ వైరస్ డిఎన్‌ఏ కూడా మన క్రోమోజోముల్లో దూరుతుంది కాబట్టి కొన్నిసార్లు సిరోసిస్ లేకుండానే క్యాన్సర్ వస్తుంది. హెపటైటిస్ సి అలా దూరలేదు, దాని పని ఎక్కువగా ఈ వాపు, మచ్చల దారిలోనే.

మా ఊళ్ళో పట్టు నేసే ఒక కుటుంబం గుర్తొస్తుంది. పెద్దాయనకి యాభై దాటాయి, కుడి డొక్కలో బరువుగా ఉందని వచ్చారు. లివర్‌లో గడ్డ. సూదితో తీసిన ముక్క నా దగ్గరికే వచ్చింది. గడ్డ పక్కన మామూలు లివర్ ఉన్న చోట కొన్ని కణాలు గరుకు గాజు పలకలా మసకగా ఉన్నాయి, వాటి నిండా హెపటైటిస్ బి పైపొర ప్రొటీనే. అక్కడక్కడా ముడుచుకుని చిక్కటి గులాబీ ముద్దలైన చచ్చిన కణాలు, చుట్టూ నల్లచుక్కల్లా మూగిన తెల్లకణాలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ లివర్‌లో జరుగుతున్నది ఒక్క స్లైడులో కనపడింది. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే పసరు పోయించారట, పసుపు తగ్గింది కాబట్టి జబ్బు పోయిందనుకున్నారు. కామెర్లు తగ్గడం వేరు, వైరస్ పోవడం వేరు. నేను వెంటనే తమ్ముళ్ళిద్దరినీ పిలిపించి రక్తం తీయించాను. ఇద్దరికీ పాజిటివ్. బహుశా తల్లి నుంచి పుట్టుకతో వచ్చి ఉంటుంది, ఎందుకంటే పుట్టినప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలోపే. పెద్దాయన దక్కలేదు. తమ్ముళ్ళు మందు వేసుకుంటున్నారు, ఆరు నెలలకోసారి లివర్ స్కానింగ్ చేయించుకుంటున్నారు, మగ్గం మీద కూర్చుంటున్నారు. వాళ్ళ ఇంట్లో తర్వాత పుట్టిన పిల్లలందరికీ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడింది.

మిగతా వైరస్‌ల గురించి క్లుప్తంగా. 1964లో ఆఫ్రికా పిల్లల దవడ గడ్డల్లో దొరికిన ఎప్‌స్టీన్-బార్ వైరస్ పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఉంటుంది, ఒక రకం తెల్లకణాల్లో నిద్రపోతూ. మన కణాల్లో చావుని ఆపే బిసిఎల్-2 అనే ప్రొటీన్ ఉంది, ఈ వైరస్ అచ్చం అలాంటిదే ఒకటి తను కూడా తయారుచేసుకుంటుంది. అయినా క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే. ఆఫ్రికాలో మలేరియా తోడైన చోట ఆ దవడ గడ్డలు ఎక్కువ. మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలిన వైరస్‌లు మొత్తం ఏడే: ఈ నాలుగు కాక హెచ్‌టిఎల్‌వి-1, కపోసి సార్కోమా వైరస్, మెర్కెల్ కణాల వైరస్. హెచ్‌ఐవి నేరుగా క్యాన్సర్ తేదు, కాపలా కాసే రోగనిరోధక శక్తిని దెబ్బతీసి వీటికి తలుపు తీస్తుంది. చికిత్స లేని హెచ్‌ఐవి ఉంటే హెచ్‌పివి 15, 20 ఏళ్ళు తీసుకునే పని 5, 10 ఏళ్ళలోనే చేస్తుంది. మన గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట తప్పకుండా చెప్పాలి.

ఇప్పుడు మీ అమ్మగారి విషయానికి వస్తాను.

హెచ్‌పివి 16, 18 రెండు రకాలూ కలిసి ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు నూటికి 70కి కారణం. అందుకే 16 వస్తే స్మియర్ నార్మల్ అయినా కాల్పోస్కోపీ. భయపడే పరీక్ష కాదు. వెనిగర్ లాంటి పలచటి ఎసిటిక్ యాసిడ్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగి భూతద్దంతో చూస్తారు, తేడా ఉన్న చోట తెల్లబడుతుంది. తెల్లబడితే బియ్యం గింజంత ముక్క తీసి నాలాంటివాళ్ళకి పంపిస్తారు. మేము అవసరమైతే పి16 అనే రంగు పరీక్ష చేస్తాం, ఈ7 బ్రేకు ఊడదీసిన కణాల్లో పి16 పెరిగిపోతుంది కాబట్టి పొర అడుగు నుంచి వరసగా గోధుమరంగు పట్టేస్తుంది.

ఏమీ కనపడకపోతే ఏడాదికి మళ్ళీ హెచ్‌పివి పరీక్ష. పొరలో కణాలు క్యాన్సర్ కాకముందు ఎంత మారాయో సిఐఎన్ 1, 2, 3 అని రిపోర్టులో రాస్తాం. సిఐఎన్ 1 అని వస్తే ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది, గమనిస్తూ ఉంటారు. సిఐఎన్ 2 లేదా 3 వస్తే ఆ భాగాన్ని వేడితో కాల్చడమో, కరెంటు తీగతో పలచగా తీసేయడమో చేస్తారు, చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్తారు. సిఐఎన్ 3ని వదిలేస్తే ముప్ఫై ఏళ్ళలో దాదాపు మూడో వంతు మందికి క్యాన్సర్ అయిందని, న్యూజిలాండ్‌లో చికిత్స చేయకుండా వదిలేసిన ఆడవాళ్ళను చూసి లెక్క కట్టారు. వైరస్ ఉందన్న ఒక్క కారణానికి గర్భసంచి తీయించకండి. మన వైపు ఈ సలహా చాలా తేలిగ్గా ఇచ్చేస్తున్నారు, నాకు చాలా కోపం తెప్పించే విషయం ఇది.

ఈ వైరస్‌ని చంపే టాబ్లెట్ లేదు. ఎవరైనా అమ్మితే కొనకండి. ఉన్న వైరస్‌ని టీకా కూడా తీసేయలేదు, కానీ మీకు, మీ చెల్లెలు ఉంటే ఆమెకి టీకా గురించి డాక్టర్ని అడగండి. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేస్తే అన్నిటికన్నా మంచిది, ఆ తర్వాత కూడా వేస్తారు. 2022లో మన దేశంలో తయారైన టీకాకి కూడా అనుమతి వచ్చింది. అమ్మగారికి చుట్ట, బీడీ అలవాటుంటే మాన్పించండి, పొగ ఉన్నవాళ్ళలో ఈ వైరస్ తొందరగా పోదు.

ఇంకోటి, మీరు అడగలేదు కానీ ఇలాంటి రిపోర్టు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మనసులో పెట్టుకుంటారు. ఇది లైంగికంగా అంటుకునే వైరస్సే. కానీ ఎప్పుడు అంటుకుందో ఏ పరీక్షా చెప్పలేదు, పెళ్ళైన కొత్తలో వచ్చి పాతికేళ్ళు దాక్కుని ఉండొచ్చు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చాలామందికి వచ్చి పోయేదే. ఈ కాగితం పట్టుకుని నాన్నగారిని అమ్మగారు, అమ్మగారిని నాన్నగారు నిలదీసుకోకుండా చూడండి. నా లాబులోనే ఒక జంట ఆ మాట మీద విడిపోయేదాకా వెళ్ళారు.

చివరగా, ఎందుకింత పొడుగు రాశానంటే ఒకావిడ వల్ల. చాలా ఏళ్ళ క్రితం కాశీనగర్ వైపు నుంచి వచ్చిన ఆవిడ బయాప్సీ చూసి సిఐఎన్ 3 అని రిపోర్టు రాశాను, సంతకం పెట్టాను, పంపించాను. ఒక ఆసుపత్రిలో ఆ కాగితాన్ని ఆవిడ చేతిలో పెట్టి "క్యాన్సర్ లేదు, వెళ్ళు" అన్నారట. ఏడేళ్ళ తర్వాత రక్తస్రావంతో వచ్చింది. రేషన్ కార్డు పెట్టే ప్లాస్టిక్ కవరులో నా రిపోర్టు మడత నలగకుండా ఉంది. "ఇది మంచి రిపోర్టని దాచుకున్నాను" అంది. ఆ రోజు ఆవిడని ఒకసారి పిలిచి తెలుగులో చెప్పి ఉంటే సరిపోయేది. అప్పటినుంచి సిఐఎన్ 2, 3 వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి నేనే చెప్తున్నాను.

మీరు కాల్పోస్కోపీకి వెళ్ళేటప్పుడు హెచ్‌పివి రిపోర్టు, స్మియర్ రిపోర్టు రెండూ తీసుకెళ్ళండి, నెలసరి లేని రోజు చూసుకోండి, ముందు రెండు రోజులు కలయిక వద్దని అమ్మగారికి చెప్పండి. బయాప్సీ తీస్తే రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనం బ్లాకు కూడా అడిగి తీసుకోండి, రేపు విశాఖకో కటక్‌కో వెళ్ళాల్సి వస్తే అవే కావాలి. రిపోర్టులో ఉన్న మాటలు ఇక్కడ రాయండి, పేరు, ఫోన్ నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి, చూసి చెప్తాను.